వాడుక

కిటికీ తెరవకూడదని నాకు తెలుసు.
అయినా లోదోస్ గాలి, తలనొప్పులు మోసుకొచ్చే దక్షిణపు గాలి,
బోస్ఫరస్ ఉప్పుతో లోపలికొచ్చి
బల్ల మీది పల్చటి కాగితాల్ని లేపుతుంది.
మూసేసి, చేతులు తుడుచుకుని, మళ్ళీ కూర్చున్నాను.

ఇరవై ఎనిమిదో పుట. రాత్రి ప్రయాణం.
నీలం ఇంకా నీలంగానే ఉంది;
ఆ రాయి నూరినవాడి మణికట్టుకు సలాం.
బురాఖ్ మెడలో ముత్యాలు లెక్కపెట్టొచ్చు.
దేవదూతల రెక్కలు కొన్ని చిలకపచ్చ, కొన్ని దానిమ్మ గింజలు.
ఒకరి చేతిలో పళ్ళెం, పళ్ళెంలో వెలుగు.
నాలుకలు చాచి పైకి లేస్తున్న బంగారు మంట నడుమ
ఆయన ముఖం ఉండాల్సిన చోట
చిటికెనవేలి గోరంత
బోసి కాగితం.

కమిటీ వాళ్ళు ఫారం పంపారు.
అందులో ఒక గడి: నష్టానికి కారణం.
నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న వెహ్బీ గారు
పెన్సిల్‌తో రాసిపెట్టి రిటైరయ్యారు:
కావాలని చెరిపారు.
ఆయన్ననడానికి లేదు. మాకు చదువు చెప్పిందే అలా.
గీసేవాడొకడు, చెరిపేవాడొకడు,
మధ్యన నలిగేది కాగితం.

కానీ చెరిపిన చేతిని నేనెరుగుదును.
ఇదే పుస్తకంలో పదకొండో పుట.
ఆదం ముందు తలవంచనన్న ఇబ్లీస్.
వాడి కళ్ళలో ఎవరో సూది దించారు,
ఒక్కసారి కాదు, కసితీరా.
వెనక పుటలో ఒక అలీఫ్‌కి కూడా చిల్లు పడింది, పాపం, దానికేం సంబంధం?
కోపానికి అంచులుంటాయి.
పొడుస్తుంది, గీరుతుంది, పని కాగానే లేచి వెళ్ళిపోతుంది.

ఇక్కడ అంచు లేదు.
దీపాన్ని పక్కకి వాల్చి చూశాను.
నడుమ చిన్న పల్లం, చుట్టూ మెత్తని జారుడు,
తరాల పాదాలు దిగిన హమాం మెట్టులా.
పీచు లేవలేదు, అణిగింది.
తడికి అణిగింది.
మంట నాలుకల్లో అన్నిటికన్నా కిందిది
సరిగ్గా పెదవి వెడల్పున మాసింది.

దూదిపుల్ల పక్కన పెట్టాను.

మా నాయనమ్మ సబీహాకి ఒక ఫోటో ఉండేది.
తాత, సైనికుడి కోటులో.
నాకు ఊహ తెలిసేసరికి కోటూ గుండీలూ మిగిలాయి,
కాలర్ పైన తెల్లటి మచ్చ.
ఎవరు చెరిపారే నాయనమ్మా అంటే
కందిపోయింది ఆ ముఖం:
"చెరపడమేంటి పిల్లా, చూసుకున్నాను."

సూక్ష్మదర్శిని కింద పల్లం అంచున
సీసపు తెలుపు, మూడే మూడు రేణువులు.
అంటే ముసుగుండేది.
చిత్రకారుడే కప్పాడు, తన కుంచెతో, తన భయంతో,
లేదా భయం కాని మరో దానితో.
ముద్దులకి ముసుగు కరిగింది.
మరి దాని కింద?
గంటసేపు వెతికాను. పరారుణంలో కూడా పెట్టి చూశాను.
కనుబొమ గీత లేదు. బొగ్గు చుక్క లేదు.
ముసుగు కింద ఏమీ గీయలేదు మహానుభావుడు.

నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు.
ముసుగు అరిగి, రంగు అరిగి,
ఉత్త కాగితం బయటపడ్డాక కూడా
వాళ్ళు ఆగలేదు.
ఎవరో ఆడది, ఎవరో ముసలాయన, జ్వరం తగ్గిన పిల్లాణ్ణి చంకనేసుకున్న ఎవరో
అదే చోట, ఏమీ లేని చోట,
వంగారు.
పల్లం ఎంత లోతుందంటే
వెలుతురుకి పట్టి చూస్తే అవతల నా వేళ్ళు కనిపిస్తున్నాయి.

ఇంకొన్నేళ్ళు ఎవరూ ఆపకపోతే రంధ్రం పడేది.
నా పని ఆపడమే, జీతం అందుకే.
వెనక నుంచి పల్చటి కాగితం అతికిస్తాను, గోధుమ జిగురుతో.
ముందువైపు ఏమీ నింపను.

సాయంత్రం ఫారం తీశాను.
వెహ్బీ గారి వాక్యాన్ని రబ్బరుతో చెరిపాను, కావాలనే.
గడిలో రాశాను: వాడుక.
ఒప్పుకోరు. ఫోన్ చేస్తారు.

రబ్బరు పొట్టు మిగిలింది బల్ల మీద.
పుట మీద పడకుండా
ముఖం పక్కకి తిప్పుకొని
ఊదాను.